వారసత్వాన్ని కాస్త తోస్తారా?

"రండి, కాలంలో అరవై ఏళ్ళు వెనక్కి ప్రయాణిద్దాం" అని ఆహ్వానపత్రం మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చేశారు. అరవై ఏళ్ళ సంగతి నాకు తెలియదుగానీ, వెనక్కి మాత్రం నిజంగానే వెళ్ళాం. లంగర్‌హౌజ్ దగ్గర ఎత్తు ఎక్కుతూ, హ్యాండ్ బ్రేకు పట్టక, రెండుసార్లు. ఒక్కోసారి పది పదిహేను అడుగులు.

పాత కార్ల క్లబ్బు ఒకటి ఏటా చలికాలంలో ఒక ఆదివారం చేసే షికారు అది. నెక్లెస్ రోడ్డులో బయలుదేరి, చేవెళ్ళ మర్రిచెట్ల దారి పట్టి, వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండెక్కి, అక్కడ టిఫిను తిని, జ్ఞాపికలు పుచ్చుకుని, సాయంత్రానికి ఇళ్ళు చేరాలి. పోనూ రానూ నూట అరవై కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ దూరం కూరగాయల గంపలతో రోజూ వచ్చిపోయేవాళ్ళున్నారు, వాళ్ళకెవరూ జెండా ఊపరు. క్లబ్బు పేరు చెప్పను. మా బావగారు అందులో సభ్యులు, పండగలకు నేను అక్క ఇంటికి వెళ్ళాలి.

బావ బ్యాంకులో రిటైరయ్యాక మూడు తెచ్చిపెట్టుకున్నారు: షుగరు, మోకాళ్ళ నొప్పులు, ఒక 1962 మోడల్ కారు. మొదటి రెండింటికీ మందులున్నాయి. ఆ కారు ఏ కంపెనీదో కూడా చెప్పను. చెబితే అది ఆగిన చోట్లన్నీ కంపెనీ ఖాతాలో పడతాయి. పాపం, వాళ్ళు అరవై ఏళ్ళ కిందట అమ్మారు, అయిపోయింది. ఇప్పటికీ దాన్నెక్కి కొండలెక్కమని వాళ్ళెవరూ మమ్మల్ని పోరు పెట్టలేదు.

బయలుదేరే వేళ ఉదయం ఆరు అన్నారు. ఆరింటికల్లా ముప్ఫైనాలుగు కార్లు వరసగా నిలబడ్డాయి. జెండా ఊపవలసిన ముఖ్య అతిథి మాత్రం రాలేదు.

ఇలాంటి షికార్లన్నిటికీ తాత ఇంగ్లండులో ఉన్నాడు. 1865 నాటి అక్కడి చట్టం ప్రకారం గుర్రం లేకుండా నడిచే బండి పల్లెదారిలో గంటకు 4 మైళ్ళు, ఊళ్ళో 2 మైళ్ళు మించి పోకూడదు, పైగా దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. జెండా మనిషి బాధ కొన్నేళ్ళకు తగ్గింది, నత్తనడక మాత్రం తప్పలేదు. చివరికి 1896లో వేగాన్ని 14 మైళ్ళకు పెంచారు. ఆ సంతోషంలో నవంబర్ 14న మోటారు బళ్ళవాళ్ళంతా లండన్ నుంచి సముద్రపొడ్డునున్న బ్రైటన్‌కు బయలుదేరారు. బయలుదేరే ముందు ఒక జమీందారు ప్రభువు అందరూ చూస్తుండగా ఎర్రజెండాను చింపిపారేశాడు. ఇప్పటికీ ఏటా నవంబర్ మొదటి ఆదివారం, 1905కు ముందు పుట్టిన బళ్ళు, తెల్లవారీ తెల్లవారకముందే అదే దారిన పోతాయి.

వాళ్ళు జెండా చింపేసి కదిలారు. మనం జెండా ఊపే చెయ్యి కోసం రెండు గంటలు కాసుకుని కూర్చున్నాం. ఆపితే మళ్ళీ స్టార్టవుతాయో లేదోనని ఒక్కరూ ఇంజన్ ఆపలేదు. ముప్ఫైనాలుగు ఇంజన్లు, రెండు గంటలు, హుస్సేన్ సాగర్ గట్టు మీద. ఆ చెరువు వాసనను ఓడించడం ఎన్ని ప్రభుత్వాల వల్లా కాలేదు, ఆ పొద్దున మేం ఓడించాం.

ఆ రెండు గంటల్లో నాకు క్లబ్బు వర్ణధర్మం బోధపడింది. 1930 డిసెంబర్ 31 దాకా పుట్టినది వింటేజ్. ఆ రాత్రి పన్నెండు దాటాక పుట్టినది ఎంత అందగత్తె అయినా వింటేజ్ కాదు, దాని పేరు పోస్ట్ వింటేజ్. ఆ తర్వాతిది క్లాసిక్. ఈ గీత గీసింది ఇంగ్లండులోని క్లబ్బుల వాళ్ళు. మనవాళ్ళు మాత్రం జంధ్యమంత నిష్ఠగా పాటిస్తారు. వింటేజ్ వాళ్ళు ముందు వరసలో, తాడు కట్టిన చోట. క్లాసిక్ వాళ్ళు తాడు అవతల. అంబాసిడర్లను ఆ చివర, తాత్కాలిక మరుగుదొడ్ల పక్కన నిలబెట్టారు. ఉత్తరపారాలో 2014 మే దాకా తయారై, కలెక్టరు నుంచి కాంట్రాక్టరు దాకా, పెళ్ళికూతురు నుంచి శవపేటిక దాకా అందరినీ మోసిన బండి అది. ఇంట్లో నలభై ఏళ్ళు వండిపెట్టిన మనిషిని పెళ్ళి ఫోటోలో అంచున నిలబెట్టినట్టుంది.

ఒకాయన మారుతి 800 తెచ్చాడు. తెల్లది, 1985 మోడల్, కడిగిన ముత్యంలా ఉంది. ఆయన్ను లోపలికే రానివ్వలేదు. "ఇది వారసత్వం కాదండీ, ఇది మారుతి" అని కార్యదర్శి నచ్చజెప్పాడు. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళంచెవి చేతులు మారిన దగ్గర్నుంచి, మధ్యతరగతి మనిషి భార్యనూ పిల్లలనూ స్కూటరు మీంచి దింపి తలుపున్న బండిలోకి ఎక్కించిన కారు అది. మన ఇళ్ళ చరిత్ర ఎవరన్నా రాస్తే దానికి ఒక అధ్యాయం ఇవ్వాలి. కానీ వారసత్వానికి ఒక అర్హత ఉంది: మన పక్కింటివాళ్ళ దగ్గర అది ఉండి ఉండకూడదు.

ఇక వేషాలు. మగవాళ్ళకు గళ్ళ టోపీలు, భుజాల మీంచి పట్టీలు, ఉన్ని కోట్లు. ఆడవాళ్ళకు చుక్కల చీరలు, ఎత్తు కొప్పులు, నల్లకళ్ళజోళ్ళు. 1950ల నాటి వేషధారణ తప్పనిసరి అని ఆహ్వానంలోనే ఉంది. అక్క తన పట్టుచీర కొంగు సర్దుకుంటూ వాళ్ళందరినీ ఎగాదిగా చూసి, "ఒరేయ్, మన తాత ఇలా ఉండేవాడట్రా?" అంది.

మన తాత ఆ రోజుల్లో గోచీ పెట్టుకుని అరక దున్నేవాడు. ఊళ్ళో దొరగారింటి ఆడవాళ్ళు సవారి కచ్చురంలో పోతుంటే పక్కకు తప్పుకుని నిలబడేవాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని వెనకటికి ఎవడో అన్నాడట. మా తాతలు తాగింది గంజి. నేతివాసన కావాలంటే వేరేవాళ్ళ తాతను అద్దెకు తెచ్చుకోవాలి. ఆ ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద జరిగింది అదే. ముప్ఫైనాలుగు కుటుంబాలు, అందరికీ ఒకే అద్దె తాత, ఆయనా ఇంగ్లీషువాడు.

నిజంగా ఈ ఊరి రోడ్ల వారసత్వమే కావాలంటే కచ్చురం ఉంది, జట్కా ఉంది, ఈ నగరాన్ని కాలితో తొక్కి నడిపిన సైకిలు రిక్షా ఉంది. వాటికి క్లబ్బు లేదు. ఎందుకంటే రిక్షా షికారులో ఒకరు కూర్చోవాలి, ఒకరు తొక్కాలి. సభ్యుల్లో తొక్కేదెవరో తేలదు.

ఎనిమిది దాటాక అతిథి వచ్చారు, ఊపారు, ఫోటో దిగారు, తన కొత్త కారెక్కి వెళ్ళిపోయారు. మేం కదిలాం. మేం అంటే ముప్ఫైనాలుగు పాత కార్లే కాదు. దాదాపు ఒక్కో పాతకారు వెనకా దాని కాపలాకు ఒక కొత్త కారు. అందులో పిల్లలు, ఐసు డబ్బా, మంచినీళ్ళ కేసులు, డ్రైవరు, ఏసీ. అలాంటివి ఇరవైతొమ్మిది లెక్కపెట్టాను. ముందు కారులో తాతల కాలపు సాదాసీదా జీవితం నడుస్తుంటుంది, చెమట పట్టగానే మనిషి దిగి వెనక కారులోకి వచ్చి కాసేపు వర్తమానంలో సేదతీరతాడు. అన్నిటికీ వెనక, పెళ్ళివారి బండి వెనక శవం బండిలా, పడిపోయిన కార్లను ఎక్కించుకునే లారీ. దాని వెనక పాత చేతక్ స్కూటరు మీద ఒక ఉస్తాద్.

అప్పా జంక్షన్ దాటి హిమాయత్ సాగర్ పక్కగా పోయి మొయినాబాద్ వైపు తిరిగాక మర్రిచెట్లు మొదలవుతాయి. అది చూడవలసిన దారే, ఒప్పుకుంటాను. మన్నెగూడ దాకా దాదాపు నలభై ఆరు కిలోమీటర్లు, అటూ ఇటూ తొమ్మిది వందల దాకా మర్రిమాన్లు. కొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుని పైన పందిరి కట్టాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఇవి పోతాయని నగరంలోని చెట్ల ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. మా కార్లన్నిటికంటే వయసులో పెద్దవి, ఒక్కదానికీ చోక్ లాగక్కర్లేదు, నూరేళ్ళయినా ఒక్క విడిభాగం కొనిపెట్టమనలేదు. 50 ఏళ్ళు దాటిన కారుకు ప్రత్యేకమైన నంబరు పలక ఇస్తారు. 50 ఏళ్ళు దాటిన చెట్టుకు సర్వేవాళ్ళు రంగు గీత గీసి పోతారు.

క్లబ్బువాళ్ళు ఒక మంచి మాను చూసి బళ్ళాపారు. దాని ఊడలకు తాళ్ళు వేసి "వారసత్వాన్ని కాపాడుదాం" బ్యానరు కట్టారు. బ్యానరులో కార్ల బొమ్మలున్నాయి. ఫోటో తీసేవాడు, "సార్, ఆ ఊడలు కొంచెం పక్కకు పట్టుకోండి, బానెట్‌కు అడ్డొస్తున్నాయి" అన్నాడు. పట్టుకున్నారు.

ఆ దారి ఇరుకు. మధ్యలో గీత ఉన్నా, ఎదురెదురుగా రెండు పెద్ద బళ్ళొస్తే ప్రాణాలు అరచేతిలోకి వస్తాయి. గంటకు ముప్ఫై కిలోమీటర్ల నడకతో మా అరవైమూడు బళ్ళూ తోరణంలా సాగుతుంటే, వెనక తాండూరు బస్సు, దాని వెనక పాలవ్యాన్లు, టమాటా ఆటోలు, వాటి వెనక ఇంకెవరో. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని ఎందరి ప్రాణాలో పోయిన రోడ్డిది. దారి దొరకని డ్రైవరు ఒకడు విసిగి పక్కకు లాగితే ఏమవుతుందో ఆ ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మేం అందచందాలు చూస్తూ వెళ్ళిన దారి వాళ్ళకు ఆసుపత్రికి, కాలేజీకి, కోర్టుకు పోయే దారి. బస్సు కిటికీలోంచి ఒక ముసలమ్మ మా వరసను చూసి దండం పెట్టింది. ఎవరో పెద్దాయన పోయాడనుకుంది.

చేవెళ్ళ దాటాక మా కారు దగ్గింది, తుమ్మింది, ఆగింది.

బావ దిగి బానెట్ ఎత్తారు. వెనక వచ్చే నలుగురు కూడా ఆపి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశారు. పాత కార్ల మనుషుల్లో ఇదొక సంప్రదాయం: పక్కవాడి కారు ఆగినప్పుడు మొహంలో విచారం, కళ్ళలో దీపావళి. "వేపర్ లాక్" అన్నాడొకాయన. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరవుతుంది, పంపు పెట్రోలుకు బదులు ఆవిరి నములుతుంది, ఇంజనుకు మెతుకు అందదు. "ఇథనాల్" అన్నాడింకొకాయన. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం అదే, పాత రబ్బరు పైపులకు పడదు. "కార్బొరేటర్" అన్నాడు మూడో ఆయన. నాలుగో ఆయన ఏమీ అనకుండా తల ఊపాడు. ఆయనే అధ్యక్షుడు.

ఇక్కడ చట్టం మాట చెప్పాలి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బళ్ళకు కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నవాటికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ళ చెల్లుబాటు. అయితే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు, ఇంకా సాంకేతిక పరిశోధనకు మాత్రమే రోడ్డెక్కాలి. ఆ చివరి మాట చదివినప్పుడు ఎవరు చేస్తారబ్బా ఈ పరిశోధన అనుకున్నాను. చేవెళ్ళ అవతల, నెత్తిన ఎండతో, ఐదుగురు పెద్దమనుషులు ఒక పెట్రోలు పంపు చుట్టూ గుమికూడి, మా అక్క చేతిరుమాలు తడిపి దాని మీద వేసి, అది ఎప్పుడు ఆరుతుందా అని చూస్తుండగా నాకు అర్థమైంది. అది పరిశోధనే. నలభై నిమిషాలు జరిగింది.

అక్క మర్రి నీడన కూర్చుని, "ఆయన ఆ కారు తుడిచినంత శ్రద్ధగా ఒక్కరోజు గ్యాస్ పొయ్యి తుడిస్తే, వారసత్వం సంగతి నేను చూసుకునేదాన్ని" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

పొలం గట్టున టమాటా కోస్తున్న ఆడవాళ్ళు, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక ముసలాయన దగ్గరికొచ్చి నిలబడ్డారు. కుర్రాడొకడు అడిగాడు.

"ఏం బండి సార్ ఇది?"

"ఇది మన వారసత్వం బాబూ. కాస్త తోస్తారా?" అన్నారు బావ.

"గట్లనా. పట్టుండ్రి రా."

అందరూ పట్టారు. ముసలాయన కూడా తలపాగా బిగించి వెనక చెయ్యి వేశాడు. వద్దు తాతా, మీరెందుకు అన్నాను. ఆయన నవ్వి, "మా పటేల్ తాన ఉండె బిడ్డా, గిసొంటిదే. అప్పుడు గూడ మేమే నూకినం" అన్నాడు.

నా మటుకు నాకు ఆ షికారు ముఖ్యోపన్యాసం అక్కడితో అయిపోయింది. కాలంలో అరవై ఏళ్ళు వెనక్కి వెళ్దామన్నారు, వెళ్ళాం. ఎవరి చేతులు స్టీరింగు మీద, ఎవరి చేతులు డిక్కీ మీద ఉండాలో అంతా యథాతథంగా ఉంది. ఆహ్వానపత్రాన్ని అనవసరంగా వెక్కిరించాను.

తోసినా స్టార్టు కాలేదు. అప్పుడు ఉస్తాద్ చేతక్ ఆపి, బీడీ ఆర్పి, తాపీగా వచ్చాడు. తడిగుడ్డ తీసి పక్కన పడేశాడు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు, జేబులోంచి అగ్గిపెట్టె తీసి దాని గరుకు అంచుతో లోపల పాయింట్లు నాలుగుసార్లు గీకాడు, నోటితో ఊదాడు, మూత పెట్టాడు. "మారో సాబ్." ఒక్క తిప్పుకు ఇంజన్ అందుకుంది. "వేపర్ లాకూ లేదు, ఏం లేదు సాబ్. పాయింట్లు ఖరాబైనయ్" అన్నాడు. పరిశోధకులు ఎవరి కార్లలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

బావ మొహం ఆ క్షణంలో చూడాలి. తొలిచూలు బిడ్డ ఏడుపు విన్నట్టు. ఇనుము మీద అంత ప్రేమ ఉండటం తప్పని నేననను. పాతదాన్ని పారేయకుండా బాగుచేసుకుని వాడటం మన అమ్మలందరి మతం. నా తగాదా ఆ ప్రేమతో కాదు, దానికి వేసిన బిరుదుతో. "మేం కాపాడుతున్నాం" అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత. ఇక్కడ సొమ్మూ బావదే, సోకూ బావదే, మర్యాదకు లోటు లేదు. కాపాడటం ఒక్కటే ఉస్తాద్‌ది. ఆ అగ్గిపెట్టె అంచు ఎంత కోణంలో పెట్టాలో ఆయన వేళ్ళకు తెలుసు, వేరే ఎక్కడా రాసి లేదు. ముషీరాబాద్ సందులో ఆయన షెడ్డు ఉంది. కొడుకు ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు, స్పానరు ముట్టడు. కార్లకు పద్ధతిగా పేరూ ఊరూ పుట్టిన తేదీ రాసిన పుస్తకం క్లబ్బు దగ్గరుంది. ఉస్తాద్ ఫోన్ నంబరు మాత్రం అందరి దగ్గరా "మెకానిక్" అనే ఉంది.

అనంతగిరి చేరేసరికి టిఫిను వేళ దాటి భోజనాల వేళయింది. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగులకు ఆసుపత్రి పెట్టారు, గాలి మంచిదని. దగ్గే ఊపిరితిత్తులను తెచ్చి ఈ గాలిలో ఉంచితే బాగవుతాయని వాళ్ళ నమ్మకం. దగ్గే ఇంజన్లను తెచ్చి అదే గాలిలో నిలబెట్టింది మేం. సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చింది 2000లో, పొగను వడగట్టే గొట్టాలు కార్లకు అలవాటైంది కూడా ఆ రోజుల్లోనే. మా బళ్ళన్నీ అంతకుముందు పుట్టి, ఏ నిబంధనకూ తల వంచని స్వాతంత్ర్య సమరయోధులు. కొండ మీద కోతులు మామూలుగా టూరిస్టుల చేతుల్లో పొట్లాలు లాక్కుంటాయి. ఆ పూట అవి కూడా చెట్ల పైకొమ్మల్లోనే ఉండిపోయాయి.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. మూడు ముక్కలు చెప్పారు. పాత కార్లకు ఆత్మ ఉంటుంది. ఆ రోజుల్లో ఇనుము ఇనుములా ఉండేది. మనం ఏడాదికి రెండుసార్లే తీస్తాం కాబట్టి కాలుష్యం లెక్కలోకి రాదు.

ఆత్మ సంగతి: ఆ వరసలో సగం కార్లలో అసలు ఇంజను ఎప్పుడో పోయింది. పెట్రోలు భరించలేక మధ్యలో ఎప్పుడో డీజిలు ఇంజన్లు పెట్టారు, రేట్లు మారాక అవి పీకి ఇంకేవో పెట్టారు. దేహాలు మారుస్తూ తిరుగుతుంది కాబట్టి ఆత్మే అనుకోవాలి.

ఇనుము సంగతి: ఆ రోజుల్లో కారు కొనేవాళ్ళు కాదు, కారు "వచ్చేది". డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకుంటే, ఏ రంగు వస్తే ఆ రంగు, కళ్ళకద్దుకుని తెచ్చుకోవడమే. వద్దంటే తీసుకునేవాడు వెనకాల వరసలో ఉన్నాడు గనక కంపెనీవాడు తలుపు పట్టకపోయినా పట్టించుకోలేదు. హారన్ తప్ప అన్నీ మోగుతాయని అంబాసిడర్ మీద జోకు పుట్టింది ఆ ఇనుము కాలంలోనే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. అద్దాల వెనక కదలకుండా, మాట్లాడకుండా, అందరిచేతా దండం పెట్టించుకుంటూ కూర్చుంది. వారసత్వం ఎలా నడుచుకోవాలో ఆ ఒక్క కారుకే తెలిసినట్టుంది.

మూడోదానికి జవాబు చెప్పడానికి కాస్త నిలబడాలి. ఎందుకంటే పాత బండి పొగ మీద ఈ దేశంలో చాలా కోపం ఉంది, అది ఎవరి మీద పడుతుందో చూడాలి. ఢిల్లీలో పెట్రోలు బండికి 15 ఏళ్ళు, డీజిలు బండికి 10 నిండితే ఆయుష్షు తీరినట్టే అన్నారు. 2025 జూలై 1న వాటికి బంకుల్లో పెట్రోలే పోయొద్దన్నారు, గోల చూసి కొన్నాళ్ళకే వెనక్కి తగ్గారు. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయ్యాయి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే 2022 దాకా 600 ఉండేది, 5,000 చేశారు. 20 ఏళ్ళు దాటితే 2025 నుంచి కారుకు 10,000, స్కూటరుకు 2,000. ముసలిదవుతున్న కొద్దీ జరిమానా పెరుగుతుంది. బాగుంది, పొగ తగ్గాలి కదా.

అలా పెరిగి పెరిగి, 50వ పుట్టినరోజు తెల్లవారేసరికి అదే బండి అదే పొగతో వారసత్వం అయిపోతుంది. ప్రత్యేకమైన నంబరు, జెండా, ముఖ్య అతిథి, మిల్లెట్ ఉప్మా.

పదిహేనుకూ యాభైకీ మధ్య ముప్ఫై అయిదేళ్ళు. ఈ అజ్ఞాతవాసం ఎక్కడ చెయ్యాలి బండి? పాండవులు ఒక్క ఏడాదికే అల్లాడిపోయారు. పార్కింగు లేని అద్దె ఇంటివాడు, ఆ బండి మీదే బతికే ఆటోవాడు, ఒక్క స్కూటరుతో నలుగురిని లాగే మెకానిక్కు దాన్ని ముప్ఫై అయిదేళ్ళు ఎక్కడ దాస్తాడు? తుక్కు దుకాణంలో. ఫామ్‌హౌస్‌లో షెడ్డూ, షెడ్డుకు తాళమూ, తాళానికి కాపలావాడూ ఉన్నవాడి బండి మాత్రం టార్పాలిన్ కింద నిద్రపోయి, లేచి, రంగు వేసుకుని వస్తుంది. మొత్తానికి వారసత్వం అంటే షెడ్డు. ఇంతోటి దానికి గళ్ళ టోపీలెందుకో.

జ్ఞాపికలు పంచారు. పాల్గొన్నవాళ్ళందరికీ తలా ఒకటి, చెక్క మీద ఇత్తడి రేకు. బావకు పట్టుదలకు గుర్తింపుగా ఇంకో చప్పట్ల జత. ఉస్తాద్ డ్రైవర్లతో పాటు ఆ చివర వేపచెట్టు కింద తిన్నాడు. అక్క వెళ్ళి ఆయనకు రెండు మిఠాయిలు ఇచ్చి వచ్చింది.

తిరుగుదారిలో మన్నెగూడకు ముందే మా కారు మళ్ళీ పడుకుంది. ఈసారి పాయింట్లు కావు, లోపల ఏదో విరిగింది, అది ఏ దుకాణంలోనూ దొరకదట. ఉస్తాద్ కొలిచి, లేత్ మీద చేయిస్తానన్నాడు. కారును లారీ ఎక్కించారు. అక్క ఎవరిదో కొత్త కారులో వెళ్ళిపోయింది. బావ, నేను లారీ ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కున్నాం. జ్ఞాపిక పెట్టుకోవడానికి చోటు లేక బావ దాన్ని ఉస్తాద్‌కిచ్చి, జాగ్రత్తగా తెమ్మన్నారు. ఆయన దాన్ని స్కూటరు పక్క డిక్కీలో పెట్టుకున్నాడు.

చీకటి పడే వేళ ఒకచోట పోలీసు తనిఖీ. ముందు పోయిన వింటేజ్ కార్లకు కానిస్టేబుల్ సలాం కొట్టి, ఒకదాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. మా లారీ మీది కారును చూసి, "సూపరుంది సార్" అన్నాడు. మా వెనకొస్తున్న చేతక్‌ను చెయ్యెత్తి ఆపాడు.

"ఏ మోడల్?"

"తొంభై తొమ్మిది, సాబ్."

"ఇర్వై ఏండ్లు దాటి ఎన్నడాయె. రెన్యువల్ ఉన్నదా?"

ఉస్తాద్ లారీ వైపు చూశాడు. "గా కారు అరవై రెండుది సాబ్."

"అది వింటేజ్."

"మరి నాది ఎప్పుడైతది సాబ్ వింటేజ్?"

కానిస్టేబుల్ మంచివాడే. నిజంగానే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "రెండు వేల నలభై తొమ్మిది."

"ఇన్షాల్లా" అన్నాడు ఉస్తాద్. ఆయనకు ఇప్పటికే అరవై దాటాయి.

కాయితాలు తియ్యమన్నాడు. ఉస్తాద్ వంగి డిక్కీ తెరిచాడు. స్పానర్లు, అగ్గిపెట్టె, నూనె మరకలతో మా అక్క చేతిరుమాలు, వాటి మీద చెక్కపలక. కానిస్టేబుల్ టార్చి వేసి దాన్ని చేతిలోకి తీసుకుని, ఇత్తడి రేకు మీద అక్షరాలు కూడబలుక్కుని పైకే చదివాడు: "వారసత్వ పరిరక్షకుడు". పలకనోసారి, ఉస్తాద్‌నోసారి చూశాడు.

"ఇది నీదా?"

లారీ సీట్లో బావ నిద్రపోతున్నట్టున్నారు.

"నాది కాదు సాబ్, సార్‌ది" అన్నాడు ఉస్తాద్. "కాయితాలు దాని కిందున్నయ్."